బడి బ్లాగు, మూడో పాఠం: వేషం వేసిన అక్షరాలు

ఈసారి లేబుళ్ల గురించి, అంటే బ్లాగులో పాఠాలను విషయాల వారీగా విడదీసే పేర్ల గురించి చెప్తానన్నాను. కుదరదు. పోయిన పాఠంలో "మీ దగ్గరున్న నోట్సు ఒకటి తెచ్చి బ్లాగులో అతికించండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను చూడండి, వారమంతా దాని చిక్కులు విప్పడానికే సరిపోయింది.

మన నోట్సు, ప్రశ్నపత్రాలు చాలావరకు డీటీపీ సెంటర్లో చేయించినవే. వాటిని కాపీ చేసి పెడితే బ్రాకెట్లు, కామాలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన ముద్ద వచ్చింది. కొందరికి ఇంకా పెద్ద మోసం జరిగింది. తమ కంప్యూటర్లో చక్కటి తెలుగే కనబడింది. పిల్లల ఫోన్లలో మాత్రం "ఏంది సార్ ఇది?"

పాత డీటీపీ ఫాంటు ఇంగ్లీషు అక్షరానికి తెలుగు వేషం వేస్తుంది. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషు అక్షరమే, పైకి కనబడే బొమ్మ మాత్రం తెలుగు. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో ఉంది కాబట్టి మీకు వేషం కనబడింది. అది లేని ఫోన్లో రంగు ఊడిపోయింది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక నంబరు ఇచ్చే పద్ధతి. దాంట్లో తెలుగుకు 128 గళ్ల సొంత వరుస ఉంది. అందులో 'క' ఎక్కడైనా 'క'నే. ఫాంటు మారితే అక్షరం వంపు మారుతుంది, అక్షరం మారదు.

అనుమానం తీరాలంటే బ్లాగు వెతుకుడు పెట్టెలో మీ పాఠంలోని ఒక మాట, 'అశోకుడు' అనుకోండి, కొట్టండి. పాఠం దొరకలేదా, అది వేషమే.

పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాడుకోండి, కానీ వత్తులన్నీ మళ్లీ చూసుకోండి. నేనైతే మళ్లీ టైపు చేస్తా. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. మొదట్లో విసుగే, తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం మీకు తెలిసిందే, దాటేస్తున్నా.

"ఫోటో తీసి పెట్టేస్తే పోలా సార్?" పోదు. ఫోటోలోని మాట వెతికితే దొరకదు. చూపు లేని పిల్లాడికి ఫోను దాన్ని సరిగ్గా చదివి వినిపిస్తుందన్న నమ్మకం లేదు. పైగా డేటా తింటుంది. ఆదోని వైపు నుంచి అమ్మానాన్నలతో మిరప కోతలకు గుంటూరు పోయిన పిల్ల, రాత్రి నాన్న ఫోన్లో పోయిన వారం పాఠం చదువుకోవాలి. మనకు బ్లాగు ఎందుకంటే మొట్టమొదట ఆ పిల్ల కోసం. సెలవులో ఉన్న సార్ల కోసం, తనిఖీల కోసం అంటారా, అవి ఆ తర్వాతే.

అభ్యాసం. గుత్తి దగ్గర ఎర్రగుడి అశోక శాసనాల మీద ఇరవై వాక్యాలు, ఎక్కడా కాపీ కొట్టకుండా, మీరే టైపు చేసి పెట్టండి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఆ సంగతి తప్పకుండా రాయండి, పిల్లలు ఎగబడి చదువుతారు. ఆదివారం లోపల అయిపోవాలి. ఫోనుకు నోటితో చెప్పి టైపు చేయించే వాళ్లు న-ణ, ల-ళ మరీ మరీ చూసుకోండి. పెట్టాక మీ ఫోన్లో కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో తెరిచి చూడండి.