విదేశీ బడిలో ఉద్యోగం వస్తే ముందుగా చదువు పట్టాల ధ్రువీకరణ పని చూసుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు మన పిల్లల్లో కొందరు డిగ్రీ బరంపురం విశ్వవిద్యాలయంలో, బీఎడ్ ఆంధ్రప్రదేశ్‌లో చేస్తారు. దుబాయ్‌లోని అంతర్జాతీయ పాఠశాలలో టీచరు ఉద్యోగం వస్తే చిక్కు ఇక్కడే. మామూలు పద్ధతిలో ఏ రాష్ట్రపు పట్టాకు ఆ రాష్ట్ర ప్రభుత్వమే ధ్రువీకరణ (పట్టా అసలైనదేనన్న ముద్ర) ఇవ్వాలి. ఆపైన మన విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) రాయబార కార్యాలయం ముద్రలు. అంటే ఒక పట్టా భువనేశ్వర్ దారి పడితే రెండోది ఆంధ్ర వైపు తిరగాలి. నియామక లేఖ చేతికందగానే రెండూ కలిపి మొదలుపెట్టండి.

ఇంకొకటి, దయచేసి తేలికగా తీసుకోకండి: మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ముందే సరిచేయించుకోండి. ప్రయాణంలో అసలు కాగితాలు చేతిసంచిలోనే ఉండాలి. జీతం సాధారణంగా నెలాఖరుకే వస్తుంది కాబట్టి మొదటి నెల ఖర్చులకు డబ్బు దగ్గర ఉంచుకోండి.