ఎలుకల జాడ, ఎలుకల కట్టడి – 2వ పాఠం: పిండి పరీక్ష, కన్నాల మూత

గత పాఠంలో చిట్టెలుకను, ఇంటి ఎలుకను, పందికొక్కును ఆకారాన్ని బట్టి గుర్తుపట్టడం చూశాము. అయితే అవి మన కంట పడేది అరుదు, రోజూ మిగిలేవి వాటి జాడలే. ముందు కిరాణా కొట్టు, వెనుక ఇల్లు ఉన్న కట్టడాన్ని ఉదాహరణగా తీసుకొని, జాడను బట్టి దారిని కనిపెట్టడం, ఆ దారిని మూయడం ఈ పాఠంలో నేర్చుకుందాము. బోను సంగతి వచ్చే పాఠంలో చెబుతాను, ఎందుకంటే దారి తెలియకుండా పెట్టిన బోను నెలల తరబడి ఖాళీగా పడి ఉండడం నేను చాలా కొట్లలో చూశాను.

ముందుగా పెంటికలను చూడండి. చిట్టెలుకవి 3 నుంచి 6 మిల్లీమీటర్ల పొడవుండి మొనదేలి ఉంటాయి. ఇంటి ఎలుకవి దాదాపు 12 మిల్లీమీటర్లు, కదురులాగా రెండు కొసలా సన్నబడతాయి. పందికొక్కువి ఇంకా పెద్దవి. ఒక కొసన తెల్లని చుక్క కనిపిస్తే అది బల్లి రెట్ట, దానితో మనకు పని లేదు. తాజా పెంటిక నల్లగా మెరుస్తూ మెత్తగా ఉంటుంది, పాతది వెలిసిపోయి పుల్లతో నొక్కగానే పొడి అవుతుంది. వీటిని పొడిగా ఊడ్చితే ధూళితోపాటు రోగక్రిములు ఊపిరిలోకి పోతాయి కనుక, ఒక వంతు బ్లీచ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, 5 నిమిషాలు నాననిచ్చి, చేతికి తొడుగు వేసుకొని కాగితంతో ఎత్తివేయాలి.

ఎలుక గది నడుమ నుంచి నడవదు, గోడనే ఆనుకొని పోతుంది. రోజూ అదే దారిన ఒరుసుకుంటూ పోవడం వల్ల దాని ఒంటి జిడ్డు గోడ అంచున, దూలం మీద, పైపు పక్కన నల్లటి చారగా అంటుకుంటుంది. చార పైన ఉంటే ఇంటి ఎలుకను అనుమానించాలి, అది ఎక్కడంలో ఆరితేరినది. పందికొక్కు తవ్వడంలో దిట్ట కాబట్టి మురుగు కాలువ పక్కనో, పునాది దగ్గరో తాజా మట్టికుప్ప కనిపిస్తుంది.

ఇంతవరకు తేలినదంతా అనుమానమే, దానిని పిండి పరీక్షతో రుజువు చేసుకోవాలి. రాత్రి కొట్టు కట్టే ముందు అనుమానమున్న చోట్ల గోడ వెంబడి జానెడు వెడల్పున ముగ్గుపిండిని పలుచగా పరచండి. బియ్యప్పిండి వాడితే ఎలుకకు మేత వేసినట్లే. తెల్లవారి టార్చిలైటును నేలకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూస్తే అడుగులు తేటగా తెలుస్తాయి: ముందు పాదానికి నాలుగు వేళ్లు, వెనుక పాదానికి ఐదు, కొన్నిసార్లు నడుమ తోక ఈడ్చిన గీత. ఏ కన్నం వాడుకలో ఉందో తెలియడానికి దానిలో నలిపిన కాగితాన్ని వదులుగా కుక్కి, రెండు మూడు రాత్రులు చూడండి. కాగితం కదిలితే అది నడుస్తున్న కన్నమే. పొలంగట్ల మీద బొరియలను మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటినే లెక్కలోకి తీసుకునే రైతుల పద్ధతీ ఇదే.

ఇక మూత. పెన్సిలు దూరే సందు, అంటే 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకు చాలు. రెండింతలుంటే ఎలుక కూడా దూరుతుంది. గుడ్డపేలికలు, థర్మోకోలు, నురుగు వంటివి కొరికితే పోతాయి. కన్నంలో స్టీలు పీచును గట్టిగా కూరి, పైన సిమెంటు పూయాలి. మన పెద్దలు సిమెంటులో గాజు పెంకులు కలిపేవారు, అదీ పనిచేసేదే. తూములకు సన్నకంతల ఇనుప జాలీ బిగించండి. చాలామంది మరిచేది షట్టరు కింది సందు. దాని రెండు మూలల్లో వేలు పెట్టి చూస్తే ఎక్కువ కొట్లలో దారి అక్కడే దొరుకుతుంది. అయితే లోపల గూడు పెట్టిన ఎలుకలు ఉండగా అన్ని కన్నాలూ ఒకేసారి మూస్తే అవి గోడలోనే చచ్చి కంపు కొడతాయి. కాబట్టి బయటి నుంచి వచ్చే దారులను ముందు మూసి, లోపలి ఎలుకలను బోనుకు వదిలేయాలి.

బస్తాలను గోడకు ఒకటిన్నర అడుగు దూరంలో చెక్క పలకల మీద పేర్చితేనే ఈ తనిఖీ సాధ్యమవుతుంది. లైసెన్సు పొందిన ఆహార వ్యాపారాలు పాటించవలసిన 2011 నాటి ఆహార భద్రత నిబంధనల 4వ షెడ్యూలులో పురుగులు, ఎలుకల నివారణ కూడా ఒక భాగమే.

వచ్చే పాఠంలోగా మూడు రాత్రులు పిండి పరచి, ఇంటి పటం ఒకటి గీసి, అడుగులు కనిపించిన చోట చుక్కలు పెట్టండి. బోనులు ఎక్కడ పెట్టాలో ఆ పటం చూసే నిర్ణయిస్తాము.