తంగేడు ఇంట్లో మొండికేస్తోందా?

గుట్టల మీద, రోడ్ల పక్కన ఎవరూ చుక్క నీళ్లు పోయకపోయినా విరగబూసే తంగేడు మన పెరట్లోకి వచ్చేసరికి అలుగుతుంది. చాలాసార్లు తప్పు మన చేతి చెంబుదే.

గింజలు మొలవడం లేదు: గింజ చచ్చిందని పారేయకండి. పైతొక్క గట్టిది, నీళ్లు లోపలికి దిగవు. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి కాసేపు ఆగాక గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఉబ్బినవి విత్తుకోవచ్చు, ఉబ్బనివాటిని సాండ్‌పేపర్ మీద ఒక పక్క కాస్త రుద్ది మళ్లీ నానబెట్టండి.

గుట్ట మీంచి పీక్కొచ్చిన మొక్క వాడిపోయింది: తల్లివేరు తెగింది, ఇంక దానికి చేసేదేం లేదు. గింజలే తెచ్చి, వానలు మొదలవగానే నేలలోనే నేరుగా నాటండి.

కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి: ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు, నేనూ తిన్నాను. ఆకు పసుపెక్కగానే దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం, అప్పటికే వేరు కుళ్లుతుంటుంది కాబట్టి ఆ చెంబుతో మొక్క పని అయిపోతుంది. వేలు మట్టిలో రెండంగుళాలు దించి చూడండి, తడి తగిలితే నీళ్లు ఆపేయండి. నల్లరేగడి నేలైతే మొరం, ఇసుక కలిపి చిన్న దిబ్బ చేసి దాని మీద పెట్టాలి. కుండీ అయితే అడుగున చిల్లి మూసుకుపోయిందేమో చూడండి. ఒకసారి వేరు పట్టుకున్నాక వానాకాలంలో అసలు పోయక్కర్లేదు.

ఏపుగా ఉంది, పువ్వే లేదు: నీడ, లేదా పేడ ఎరువు ఎక్కువైంది. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడాలి. పూత కొమ్మల చివర్లలోనే వస్తుంది కాబట్టి ఒక విడత పూత అయ్యాక కొమ్మల్ని మూడో వంతు కత్తిరిస్తే కొత్త చిగుళ్లు ఎక్కువొస్తాయి. బతుకమ్మ దగ్గరపడ్డాక మాత్రం కత్తెర ముట్టుకోవద్దు, మొగ్గలన్నీ పోతాయి.

ఆకుల్ని పచ్చ గొంగళ్లు తినేస్తున్నాయి: అవి చాలావరకు లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు. మందు కొట్టకండి, పెద్ద మొక్క మళ్లీ చిగురిస్తుంది. మరీ చిన్న మొక్కైతే చేత్తో ఏరేయండి.

ఇవేవీ కాదు, పూసింది కానీ తంగేడులా లేదంటారా? నర్సరీల్లో పసుపు పూల చెట్లు ఒకదాని బదులు ఇంకోటి అంటగట్టేస్తుంటారు. ఆకు కాడ మొదట్లో చెవిలాంటి చిన్న రెక్కలున్నాయా చూడండి. అవి లేకపోతే మీరు పెంచింది తంగేడు కాదు.