సబ్‌ఫోల్డర్లన్నిటిలోని లైన్ల మొత్తం తక్కువగా వస్తున్నప్పుడు

సమస్య: లైనక్స్ లేదా మ్యాక్ టెర్మినల్‌లో, ప్రాజెక్టులోని పైథాన్ ఫైళ్ల లైన్లను లెక్కించడానికి, ఫైళ్లను వెదికే ఫైండ్ (find) ఇచ్చిన పేర్లను పైప్ (ఒక కమాండ్ ఫలితాన్ని మరొకదానికి అందించే | గుర్తు) ద్వారా, పేర్లను వేరొక కమాండ్‌కు అందించే ఎక్సార్గ్స్‌కు (xargs) పంపి, దానిచేత లైన్లు లెక్కించే డబ్ల్యూసీ మైనస్ ఎల్‌ను (wc -l) నడిపించి, చివర టెయిల్‌తో ఆఖరి లైను ఒక్కటే చూస్తున్నారు. ఎర్రర్ ఏదీ రాదు గాని మొత్తం బాగా తక్కువగా ఉంటుంది. కొత్త ఫైళ్లు చేర్చిన తరువాత ఆ సంఖ్య మరింత తగ్గడమూ కద్దు.

ముందుగా ఫైండ్‌ను ఒంటరిగా నడిపి, ఎన్ని పేర్లు వస్తున్నాయో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా అందరూ దాటవేసేది ఈ పనినే. పేర్లే తక్కువగా వస్తే, నేమ్ ఆప్షన్ తరువాతి నక్షత్రపు నమూనాకు (*.py వంటిదానికి) కోట్స్ పెట్టారో లేదో పరిశీలించండి. కోట్స్ లేనప్పుడు, ప్రస్తుత ఫోల్డర్‌లో సరిపోలే ఫైలు ఒక్కటే ఉంటే, షెల్ (మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) ఆ నమూనా స్థానంలో ఆ ఫైలు పేరునే పెడుతుంది. ఫైండ్ ఆ పేరుకోసమే వెదుకుతుంది. ఫైండ్ బదులు జంట నక్షత్రాలు (**) వాడేవారు, బాష్ అనే షెల్‌లో వాటిని సబ్‌ఫోల్డర్లన్నిటికీ విస్తరించే గ్లోబ్‌స్టార్ సెట్టింగు మొదట ఆఫ్‌లో ఉంటుందనీ, అప్పుడు జంట నక్షత్రం ఒక్క నక్షత్రంలాగే పనిచేస్తుందనీ గమనించాలి.

పేర్లు సరిగానే ఉండి మొత్తం మాత్రమే తప్పితే, కారణం దాదాపు ఎప్పుడూ ఎక్సార్గ్స్ చేసే విభజనే. ఒక కమాండ్‌కు ఇవ్వగల పేర్ల నిడివికి హద్దు ఉంది. లైనక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ రకపు ఎక్సార్గ్స్ మామూలుగా 128 కిలోబైట్ల దగ్గర ఆగి, మిగిలిన పేర్లతో డబ్ల్యూసీని మళ్లీ మొదటినుంచి నడుపుతుంది. పాత్ ఒక్కొక్కటి 60 బైట్లుంటే సుమారు 2,000 ఫైళ్లకే ఈ పరిస్థితి వస్తుంది కనుక, చిన్న ఫోల్డర్‌లో పరీక్షించినవారికి ఇది ఎప్పటికీ కనబడదు. ప్రతి విడతా తన సొంత టోటల్‌ను ముద్రిస్తుంది. టెయిల్ చూపేది ఆఖరి విడతది, అంటే మిగిలిపోయిన కొద్దిపాటి ఫైళ్లది మాత్రమే. ఆ విడతలో ఒకే ఫైలు ఉంటే టోటల్ లైనే రాదు, ఆ ఫైలు లెక్కే కనబడుతుంది. దొరికిన ఫైళ్లపై నేరుగా కమాండ్ నడిపే ఫైండ్ ఆప్షన్ ఎగ్జెక్‌ను ప్లస్ గుర్తుతో వాడినా విభజన తప్పదు. టెయిల్ తీసివేసి చూడండి; మధ్యలో ఎక్కడైనా టోటల్ లైను కనబడితే అనుమానం తీరినట్లే.

పరిష్కారం: ఎక్సార్గ్స్ చేత డబ్ల్యూసీకి బదులు, ఫైళ్లలోని పాఠాన్ని వరసగా వెలువరించే క్యాట్‌ను (cat) నడిపించి, దాని తరువాత మరొక పైప్ పెట్టి డబ్ల్యూసీ మైనస్ ఎల్‌ను బయట ఉంచండి. క్యాట్ ఎన్ని విడతలుగా నడిచినా, లెక్కించే డబ్ల్యూసీ ఒక్కటే అవుతుంది. పేర్లలో ఖాళీలున్నా చెడకుండా ఫైండ్‌కు ప్రింట్ జీరో (-print0), ఎక్సార్గ్స్‌కు మైనస్ జీరో (-0) తప్పక చేర్చండి. ఫైలువారీ లెక్క కూడా కావాలంటే, గ్నూ డబ్ల్యూసీలో ఫైల్స్ జీరో ఫ్రమ్ (--files0-from) అనే ఆప్షన్ పేర్లను నేరుగా చదువుతుంది; మ్యాక్‌తో వచ్చే డబ్ల్యూసీలో అది లేదు.

ఎడిటర్ చూపే లెక్కతో ఫైలుకు ఒక లైను తేడా ఉంటే, చివర న్యూలైన్ (లైను ముగింపు గుర్తు) లేకపోవడం ఒక కారణం కావచ్చు; డబ్ల్యూసీ లెక్కించేది న్యూలైన్లనే. సింబాలిక్ లింకు (వేరొకచోటి ఫోల్డర్‌ను సూచించే లింకు) వెనుకనున్న ఫోల్డర్లు కావాలంటే ఫైండ్‌కు క్యాపిటల్ ఎల్ (-L) ఇవ్వండి. మొత్తం మరీ ఎక్కువైతే, ప్రాజెక్టు వాడే పైథాన్ లైబ్రరీలుండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ను ఫైండ్‌లోని ప్రూన్ ఆప్షన్‌తో తప్పించండి.