మలేరియా టీకా బలాన్ని అయిదు దోమలతో కొలవడం

మలేరియా టీకా ఎంత పనిచేస్తుందో తేల్చే పరీక్షలో, టీకా చివరి డోసు పడ్డాక సుమారు 3 వారాలు ఆగి వలంటీర్లను మలేరియా దోమలతో కుట్టిస్తారు. పోల్చి చూడ్డానికి టీకా వేయించుకోనివాళ్లు, మామూలుగా 6 మంది, అదే రోజు అదే బ్యాచ్ దోమలతో కుట్టించుకోవాలి. వీళ్లకే మలేరియా రాలేదంటే దోమల్లోనే లోపం, టీకాను మెచ్చుకోవద్దు. దోమల్లో ఉండే పరాన్నజీవి (మలేరియా తెచ్చే సూక్ష్మజీవి) క్లోరోక్విన్ అనే మలేరియా మందుకు లొంగే, ల్యాబులో పెంచే ఎన్‌ఎఫ్‌54 రకం, లేదా దాన్నుంచి తీసిన 3డీ7 రకం.

ఎంపికలో గర్భిణులను, గుండె జబ్బు ముప్పున్నవాళ్లను, సికిల్ సెల్ (ఎర్రరక్తకణాల వంశపారంపర్య లోపం) జన్యువు ఉన్నవాళ్లను, ఇదివరకు మలేరియా వచ్చినవాళ్లను వదిలేస్తారు. ఎంపికలో మన కంటపడకుండా తప్పించుకుపోయేది యాంటీబయాటిక్ వాడకం. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్, కోట్రైమోక్సజోల్ మలేరియా మీదా పనిచేస్తాయి. "మందులేమైనా వాడుతున్నారా" అంటే లేదనేస్తారు. "మొటిమలకు ఏం వాడుతున్నారు" అని అడగండి, డాక్సీసైక్లిన్ బయటపడుతుంది.

కుట్టించే ముందు రాత్రి దోమలకు చక్కెర నీళ్లు తీసేయాలి, ఆకలి మీదుంటేనే కుడతాయి. వల బిగించిన కప్పులో 5 ఆడ అనాఫిలిస్ స్టీఫెన్సై దోమలను ఉంచి, దానిమీద ముంజేయి 5 నిమిషాలు ఆనించాలి. సెంటు పూసుకుని రావద్దని ముందే చెప్పాలి. తర్వాత ప్రతి దోమనూ కోసి చూడాలి: రక్తం తాగిందా? లాలాజల గ్రంథుల్లో 10కి మించి స్పోరోజోయిట్లు (మనిషికి అంటుకునే దశలోని పరాన్నజీవులు) ఉన్నాయా? రెండూ ఉంటేనే అది లెక్కలోకి వస్తుంది. మూడే లెక్కకొస్తే ఇంకో రెండింటితో కుట్టించాలి, 5 పూర్తయ్యేదాకా అంతే. (1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూసింది దోమ పొట్టలో. మనం వెతికేది గ్రంథుల్లో.)

దోమ కుట్టాక సుమారు ఆరున్నర రోజులు పరాన్నజీవి కాలేయంలోనే ఉంటుంది, రక్తంలో ఏమీ దొరకదు. 7వ రోజు నుంచి రోజూ రక్తం తీసి మందపాటి పూత స్లైడ్ (గాజు పలక మీద రక్తపు చుక్కను పూసి మైక్రోస్కోపులో చూడటం), పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏను పట్టే పరీక్ష) చేయాలి. స్లైడ్ చూసేవాళ్లకు ఎవరు టీకా వేయించుకున్నారో తెలియకూడదు. టీకా లేనివాళ్లలో స్లైడ్ సాధారణంగా 9–14 రోజుల మధ్య పాజిటివ్ అవుతుంది.

అసలు కొలత ఇక్కడుంది. రక్తంలో పరాన్నజీవులు ప్రతి 48 గంటలకు దాదాపు పది రెట్లవుతాయి. టీకా వేసుకున్నవాళ్లు 2 రోజులు ఆలస్యంగా పాజిటివ్ అయ్యారంటే కాలేయం దాటి వచ్చినవి సుమారు పదో వంతే. అంటే జబ్బు ఆగకపోయినా టీకా 90 శాతం పని చేసిందన్నమాట. ఒకరోజు పొద్దున, మరునాడు సాయంత్రం రక్తం తీశారో, ఈ లెక్క పాడవుతుంది. గంటతో సహా రాయండి.

స్లైడ్ పాజిటివ్ అయితే అప్పుడే వైద్యం: అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజుకు 4 మాత్రలు, 3 రోజులు, నెయ్యో వెన్నో ఉన్న తిండితో, నర్సు కళ్లముందే. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. 7 నుంచి 21వ రోజు దాకా వలంటీరు ఊరు దాటకూడదు. ఇంట్లోవాళ్ల ఫోను నంబర్లు రెండు రాసుకోండి, రక్తం ఇవ్వడానికి రాకపోతే ఆ పూటే ఇంటికి వెళ్లాలి. 28వ రోజుకూ పాజిటివ్ కానివాళ్లకు కూడా మందు కోర్సంతా ఇచ్చాకే పంపాలి.