పాత అమెరికా వెండి డాలర్లు కొనేముందు జాగ్రత్తలు

బేరం మొదలుపెట్టక ముందే ఆనాటి వెండి ధర తెలుసుకోవాలి. ఈ పాత వెండి డాలర్లలో ఒక రకమైన మోర్గాన్ డాలరు బరువు 26.73 గ్రాములు, అందులో వెండి 90 శాతం. అంటే సుమారు 24 గ్రాముల మేలిమి వెండి విలువే దానికి కనీస ధర.

అంతకు మించి అడిగితే, కారణం నాణెం మీదే కనబడాలి. వెనుకవైపు గద్ద తోక కింద, దండకు దిగువన ఉండే టంకశాల గుర్తును (నాణెం ఏ టంకశాలలో ముద్రితమైందో తెలిపే అక్షరం) భూతద్దంతో పరిశీలించాలి. 1921 నాటివి కోట్లలో ముద్రితమయ్యాయి కాబట్టి అరిగిపోయినవాటికి పెద్ద ధర పెట్టనక్కరలేదు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లక్ష మాత్రమే ముద్రించిన ‘ఎస్’ గుర్తు నాణేన్ని మాత్రం, మామూలు నాణేనికి గుర్తు అతికించే మోసం పాతదే కాబట్టి, నాణేలను పరీక్షించి ధ్రువీకరించే సంస్థలైన పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ ధ్రువీకరణ లేకుండా కొనకూడదు.

తళతళలాడినంత మాత్రాన మురిసిపోకూడదు: ఒకే దిశలో సన్నని గీతలుంటే ఎవరో తోమారని అర్థం, విలువ తగ్గుతుంది. విక్రేతలు చెప్పే ధరలను కాక, అదే గ్రేడు (నాణెం స్థితిని తెలిపే శ్రేణి) నాణేలు వేలంలో నిజంగా అమ్ముడైన ధరలను సరిపోల్చుకోవాలి.