ఆడవాళ్లలో గుండెపోటును గుర్తుపట్టడం ఎలా? మగవాళ్ల లక్షణాలకూ వాళ్ల లక్షణాలకూ తేడా ఎంత?

సినిమాల్లో గుండెపోటుకు ఒకటే తీరు. పెద్దాయన ఎడమ ఛాతీ పట్టుకుని కుర్చీలోంచి కూలిపోతాడు. ఆ బొమ్మ మనసులో ఎంత పాతుకుపోయిందంటే, ఇంట్లో అమ్మకో అత్తయ్యకో ఒంట్లో బాగోకపోతే గుండె సంగతి ఎవరికీ తోచదు. గ్యాస్ అనుకుంటాం, బీపీ అనుకుంటాం, ఉపవాసం ఉంది కదా అనుకుంటాం. ఈమధ్య దీనికి పూర్తి ఎదురు మాట కూడా ప్రచారంలోకి వచ్చింది: ఆడవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు వస్తుందట. అదీ సగమే నిజం. అసలు సంగతేమిటో, అనుమానం వస్తే ఏం చేయాలో వరసగా చూద్దాం.

1. ముందు ఛాతీ గురించే అడగండి

ఆడా మగా తేడా లేకుండా ఎక్కువమందిలో కనిపించేది ఛాతీలో ఇబ్బందే. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వచ్చిన 1,941 మందిని పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఛాతీ నొప్పి ఉందన్నవాళ్లు ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఒకేలా 93 శాతం ఉన్నారు. అమెరికాలో 2003లో వచ్చిన మరో అధ్యయనంలో గుండెపోటు వచ్చి తగ్గిన 515 మంది ఆడవాళ్లను అడిగితే, 43 శాతం మంది ఆ సమయంలో ఛాతీ నొప్పి లేదన్నారు. లెక్కల్లో ఇంత తేడాకు ఒక కారణం ఎవరిని అడిగారన్నది. ఎలా అడిగారన్నది కూడా తక్కువేం కాదని నా అభిప్రాయం. దూరాన ఉన్న కూతురు ఫోన్ చేసినప్పుడు సాధారణంగా నడిచే మాటలు చూడండి.

"అమ్మా, గుండెల్లో నొప్పిగా ఉందా?"

"నొప్పేం లేదే. ఇక్కడేదో పట్టేసినట్టుంది, అంతే. వాము నీళ్లు తాగాన్లే."

కూతురు ఊపిరి పీల్చుకుని ఫోన్ పెట్టేస్తుంది. కానీ గుండెపోటు చాలాసార్లు పొడిచినట్టు ఉండదు. అందుకే ఇలా అడగండి: బరువుగా ఉందా? నొక్కేసినట్టుందా? మంటగా ఉందా? జాకెట్టు ఉన్నట్టుండి బిగుతైపోయినట్టుందా? ఎడమ పక్కనే ఉండాలని లేదు, ఎక్కువగా ఛాతీ మధ్యలో ఉంటుంది. 'ఎక్కడ?' అంటే చాలామంది వేలితో ఒక చోట చూపించలేరు, అరచేయి మొత్తం ఆనించి చూపిస్తారు.

2. ఛాతీ దగ్గర ఆగకండి

అసలు తేడా ఇక్కడుంది. మగవాళ్లలో తరచుగా ఛాతీ బరువు, ఎడమ చేతిలోకి లాగడం, చెమటలు ముందుకొస్తాయి కాబట్టి చూసేవాళ్లకు వెంటనే తడుతుంది. ఆడవాళ్లలో ఇవి ఉంటూనే మరికొన్ని తోడవుతాయి: ఆయాసం, కడుపులో తిప్పడం, వాంతి, వీపులో రెండు జబ్బల మధ్య నొప్పి, గొంతు, దవడ లాగడం, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం. ఇవన్నీ చెప్పేసరికి ఛాతీ మాట వెనక్కి పోతుంది. మగవాళ్లకు ఇవి రావని కాదు. మీ నాన్నగారికి వాంతి, ఆయాసం వచ్చాయని గుండెను పక్కన పెట్టేయకండి.

దవడ నొప్పి అంటే పంటి డాక్టరు గుర్తొస్తాడు. అయితే నాలుగు మెట్లు ఎక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గిపోయే దవడ నొప్పి పంటిది కాకపోవచ్చు.

చెమట విషయంలో ఇంకో తిరకాసు ఉంది. నెలసరి ఆగే వయసులో వేడి ఆవిర్లు, చెమటలు మామూలే కాబట్టి ఇదీ అదే అనుకుంటారు. ఆవిర్లప్పుడు ఒళ్లు వేడెక్కి ముఖం ఎర్రబారుతుంది. గుండెపోటులో ముఖం పాలిపోయి, ఫ్యాను కింద కూర్చున్నా చల్లటి చెమట పడుతుంది. నుదుటి మీద చేయి పెట్టి చూడండి.

షుగర్ ఏళ్ల తరబడి ఉంటే నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవచ్చు. అది మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఒకటే.

3. గడిచిన నెల రోజుల సంగతి కదపండి

పైన చెప్పిన అమెరికా అధ్యయనంలోని 515 మందిలో దాదాపు 71 శాతం గుండెపోటుకు ముందు కొన్ని వారాలు ఎప్పుడూ లేనంత అలసట ఉందన్నారు. 48 శాతం మందికి నిద్ర సరిగా లేదు. కాబట్టి 'నీరసంగా ఉందా?' అని కాకుండా, రోజూ చేసే పని గురించి అడగండి. మేడ మీద బట్టలు ఆరేసి రావడానికి మధ్యలో ఆగాల్సి వస్తోందా? మొన్నటిదాకా లేనిది ఇప్పుడే మొదలైందా?

ఇక్కడ కంగారు అక్కర్లేదు. మన ఆడవాళ్ల నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ చాలా మామూలు కారణాలు. ఒక్క అలసటే ఉంటే 108 పిలవక్కర్లేదు కానీ, ఆ వారంలోనే డాక్టరుకు చూపించి రక్త పరీక్షతో పాటు ఈసీజీ కూడా తీయించండి.

4. గ్యాసా కాదా అని ఇంట్లో తేల్చకండి

ఈనో తాగాక తేన్పు వచ్చి హాయిగా అనిపించినంత మాత్రాన అది గ్యాసేనని రుజువు కాదు. గుండెపోటులోనూ నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటే సరిపోతుందనుకోవడం ఇంకా ప్రమాదం. గుండె బలం తగ్గి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంటే ఆ సీసా దాన్ని పెంచుతుంది.

ఛాతీలో బరువు గానీ, కారణం లేని ఆయాసం, చల్లటి చెమట గానీ ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే బయలుదేరాల్సిందే. వంటయ్యాక, ఆయన వచ్చాక అన్న మాట వినకండి. ఆసుపత్రికి మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఆలస్యంగా చేరుతున్నారని చాలా దేశాల్లో తేలింది.

వయసు చూసి ధైర్యపడొద్దు. 52 దేశాల్లో చేసి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో ఆడవాళ్లకు మొదటి గుండెపోటు మగవాళ్లకన్నా సుమారు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందని తేలింది. అదే అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు చాలా ఇతర ప్రాంతాలవాళ్లకన్నా చిన్న వయసులోనే వస్తోందనీ తేలింది. గర్భంతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ వచ్చినవాళ్లకు, నెలసరి తొందరగా ఆగినవాళ్లకు ముప్పు ఎక్కువ. అరుదుగా, కాన్పయిన కొద్ది రోజులకే గుండె రక్తనాళం లోపలి పొర చీలి గుండెపోటు రావచ్చు. కొవ్వూ బ్లాకులూ లేని ముప్ఫై ఏళ్ల అమ్మాయికి కూడా ఇది జరగొచ్చు. బాలింతకు ఛాతీ నొప్పి వస్తే 'వాతం చేసింది' అని కాపడం పెడుతూ కూర్చోకండి.

5. 108కి ఫోన్ చేయండి

నడిపించకండి, స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. మనిషిని వెనక్కి ఆనించి కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేయండి.

ఫోన్‌లో ఉన్నవాళ్లు సరేనంటే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాముల మేర నమిలి మింగించాలి. ఇంట్లో 75వి ఉంటే నాలుగు. ఆస్పిరిన్ పడనివాళ్లకు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవాళ్లకు వద్దు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, వీపు చీల్చుకుపోతున్నట్టు నొప్పి వచ్చినా ఇవ్వకూడదు.

సార్బిట్రేట్ మాత్ర (రక్తనాళాలను వెడల్పు చేసే మందు) నాలుక కింద పెట్టమని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. డాక్టరు ఆ మనిషికే రాసిచ్చి ఉంటే తప్ప పెట్టకండి. బీపీ పడిపోయి ఉన్నవాళ్లకు అది ఇంకా పడిపోయేలా చేస్తుంది. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్నది ఒట్టి పుకారు.

మనిషి పలక్కుండా, ఊపిరి సరిగా తీయకుండా పడిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున గట్టిగా నొక్కాలి. బయట పడిపోయిన ఆడవాళ్లకు సీపీఆర్ చేయడానికి జనం జంకుతారని అధ్యయనాలు చెబుతున్నాయి. పైట గురించి ఆలోచించే సమయం కాదది.

6. ఆసుపత్రిలో ఏం చెప్పాలి, ఏం అడగాలి

'గ్యాస్ పట్టినట్టుందండీ' అని మొదలుపెడితే కథ అటే పోతుంది. 'ఛాతీలో బరువు, చెమట పట్టింది, ఫలానా గంటకు మొదలైంది, గుండెపోటేమో అని వచ్చాం' అనండి. పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తుంటే, ఇబ్బంది తగ్గకపోతే మళ్లీ ఎప్పుడు తీస్తారని, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థాన్ని కొలిచేది) కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారా అని మర్యాదగానే అడగండి. బాగా వాడుకలో ఉన్న ఒక ట్రోపోనిన్ పరీక్షలో మగవాళ్లకు హద్దు లీటరు రక్తానికి 34 నానోగ్రాములైతే ఆడవాళ్లకు 16 మాత్రమే. ఒకే హద్దు పెట్టుకుంటే ఆడవాళ్ల గుండెపోట్లు కొన్ని తప్పిపోతాయి.

యాంజియోగ్రామ్‌లో పెద్ద బ్లాకులు లేకపోయినా అది గుండెపోటే కావచ్చు. ఇలాంటివి ఆడవాళ్లలోనే ఎక్కువ. 1990లో జపాన్ వైద్యులు వివరించిన టకోట్సుబో అనే సమస్య ఉంది. దగ్గరివాళ్లు పోయినప్పుడో, పెద్ద షాక్ తగిలినప్పుడో గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడుతుంది. బాధితుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే. లక్షణాలూ ఈసీజీ గుండెపోటులాగే ఉంటాయి. కాబట్టి బ్లాకుల్లేవన్నారని మందులు ఆపేసి, 'అంతా టెన్షనే' అని సరిపెట్టుకోకండి.

ఇంటికొచ్చేటప్పుడు ఈసీజీ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ఆ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది. మళ్లీ ఎప్పుడైనా వెళ్లాల్సి వస్తే, పాతది పక్కన పెట్టి చూసి ఏం మారిందో డాక్టరు వెంటనే చెప్పగలరు.